అప్పుడప్పుడు మొరాయించే బండి

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయటం కంటె, అప్పుడప్పుడు మాత్రమే చెడిపోయే బండిని బాగుచేయటం కష్టమని ఆ వృత్తిలో తల నెరసిన వారందరూ ఒక్క గొంతుతో చెపుతారు. పూర్తిగా చెడినది తన రోగాన్ని దాచుకోలేదు. నెట్టుకుంటూ తెచ్చి మిస్త్రీ ముందు నిలబెడితే ఉన్నదున్నట్లు చూపిస్తుంది. అప్పుడప్పుడు మొరాయించేది అట్లా కాదు. తెల్లవారుజామున ఇంటి ముందు ఎంత బతిమాలినా పలకనిది, పది గంటలకు మిస్త్రీ అంగడి ముందర ఒక్కసారి మీట నొక్కగానే ఏమీ ఎరగనట్లు లేస్తుంది. యజమాని మాట అబద్ధమవుతుంది. మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "బాగానే ఉంది గదా" అంటాడు. మరునాటి ఉదయం కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

కళాశాల వార్షిక సంచికలో, అందునా పద్యాలు చెప్పుకొని బతికే మావంటి వారి కలం నుండి, బండి మరమ్మతు గురించి వ్యాసమేమిటని కమిటీ పెద్దలకు సందేహం కలుగవచ్చు. మన విద్యార్థులలో ఎందరి ఇండ్లలోనో పొయ్యి రగలటం ఒక ఆటో స్టార్టు కావటం మీద ఆధారపడి ఉంది. మరికొందరి తండ్రులు, అన్నలు ఆ ఆటోలనే బాగుచేసి బతుకుతున్నారు. కనుక ఇది మన ఇంటి సంగతే. మా అభిప్రాయాన్ని దాచకుండా ముందే చెపుతాము. ఇటువంటి లోపాలు నెలల తరబడి దొరకకుండా తిరగటానికి కారణం మిస్త్రీల తెలివితక్కువ కాదు. లోపాన్ని కనుగొనే పనికి మనం కూలి ఇవ్వము. మార్చిన సామానుకు మాత్రమే ఇస్తాము. కాబట్టి సామాను మారుతూ ఉంటుంది, లోపం ఉన్నచోటనే ఉంటుంది.

మేము దగ్గరగా ఎరిగిన ఒక ఉదాహరణ చెపుతాము. మా విద్యార్థిని ఒకామె తండ్రి ఆటో నడుపుతారు. ఉదయం ఆరుగురు బడిపిల్లలను చేర్చటం ఆయనకు నెలవారీ స్థిరమైన ఆదాయం, మిగిలినదంతా ఆనాటి అదృష్టం. ఆ ఆటో వారానికి ఒకటి రెండు మార్లు ఉదయం పూట మొరాయించసాగింది. మీట నొక్కితే టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, ఇంజను తిరగదు. లైటు వెలుగుతుంది, హారను మోగుతుంది. పావుగంట తరువాత దానంతట అదే స్టార్టు అవుతుంది. మొదట బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించారు. మూడు వారాలు బాగున్నది. మళ్ళీ మొదలయింది. సెల్ఫు మోటారు విప్పి బ్రష్షులు మార్చారు. నెల రోజులు బాగున్నది. మళ్ళీ మొదలయింది. తరువాత రిలే మార్చారు. ఆ తరువాత మరొక చోట, సెల్ఫు మోటారు మొత్తమే కొత్తది వేయాలన్నారు. ఈలోగా బడిపిల్లల తల్లిదండ్రులు ఎన్నాళ్ళు ఓపిక పట్టగలరు? ఆరుగురిలో నలుగురు వేరే ఆటోకు మారిపోయారు. ఆ ఇంటి అమ్మాయి పరీక్ష ఫీజు గడువు దాటిన తరువాత, అపరాధ రుసుముతో కట్టవలసి వచ్చింది. ఆ సందర్భంలోనే ఈ కథ మా చెవిని పడింది.

చివరకు దానిని పట్టుకున్నది వాహనాల వైరింగు పని చేసే ఒక వృద్ధుడు. ఆయన ముందుగా ఏమీ విప్పలేదు. కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. ఏ వేళలో? వాన పడిన మరునాడా, ఎండలోనా? టిక్కుమంటుందా, అసలు చప్పుడే ఉండదా? ఆ సమయంలో లైటు మసకబారుతుందా, ఉన్నట్లే ఉంటుందా? ఇవన్నీ విని, "రాత్రికి బండి నా దగ్గర వదిలి వెళ్ళు భాయ్, అది తప్పు చేసేటప్పుడు నేను చూడాలి" అన్నాడు. మరునాటి ఉదయం ఆటో మొరాయించిన వేళకు ఆయన చేతిలో మల్టీమీటరు సిద్ధంగా ఉన్నది. దాని ఒక కొసను ఇంజను ఇనుపభాగానికి, మరొక కొసను బ్యాటరీ ఋణధ్రువానికి ఆనించి, మీట నొక్కమన్నాడు. దాదాపు సున్నా చూపవలసిన చోట ముల్లు నాలుగు వోల్టులకు లేచింది. ఇంజనును ఛాసిస్‌తో కలిపే ఎర్తు పట్టీ బోల్టు కింద తుప్పు పేరుకొని ఉన్నది. గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాడు. కొత్త సామాను ఒక్కటీ పడలేదు.

మన భౌతికశాస్త్ర తరగతులలో ఓమ్ నియమం చదవని విద్యార్థి లేడు. జర్మను దేశస్థుడైన గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన ఆ నియమాన్ని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటాము. ఆ బోల్టు కింద జరిగినది ఆ నియమమే. తుప్పు వలన ఆ కీలు వద్ద 0.05 ఓము నిరోధం ఏర్పడినదనుకుందాం. వినటానికి అది లెక్కలోకి రాని అంకె. హెడ్‌లైటు 3 ఆంపియర్లు తీసుకుంటే అక్కడ పోయేది 0.15 వోల్టు మాత్రమే, కంటికి తెలియదు. సెల్ఫు మోటారు అట్లా కాదు. అది ఇంజనును తిప్పటానికి ఒక్క క్షణంలో నూరు ఆంపియర్లు కోరిందనుకోండి. నూరును 0.05తో గుణిస్తే 5 వోల్టులు. ఉన్న పన్నెండులో అయిదు వోల్టులు ఆ తుప్పు వద్దనే ఖర్చు కావలసి వస్తుంది. అంత మిగలదు గనుక ప్రవాహమే తగ్గిపోతుంది, మోటారు తిరగదు. "లైటు వెలుగుతున్నది గదా, కరెంటుకు లోటేమిటి" అనే వాదన ఎంత బోలుదో ఈ ఒక్క గుణకారం చెపుతుంది. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చి, చేతిమీట తిప్పి మణికట్టు విరగ్గొట్టుకునే బాధను తప్పించింది. ఆ సుఖానికి వెలగా, బండిలోని ప్రతి కీలూ శుభ్రంగా ఉండి తీరాలనే నియమం మన నెత్తిన పడింది.

ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చొని ఉంటుంది గనుక, ఆ ఎర్తు పట్టీ చెడితే కరెంటు తిరిగి రావటానికి రాజమార్గం ఉండదు. అప్పుడది సందుగొందులు వెదకుతుంది. క్లచ్చి తీగ గుండా, యాక్సిలరేటరు తీగ గుండా పోబోయి వాటిని వేడెక్కిస్తుంది. మీట నొక్కినప్పుడు ఆ తీగ తొడుగు చేతికి వెచ్చగా తగిలితే, అది బండి స్వయంగా ఇచ్చుకున్న వాంగ్మూలమని పాత మిస్త్రీలకు తెలుసు.

ఇంతకూ ముందు చేసిన మరమ్మతులు ఒక్కొక్కటి కొన్ని వారాలు ఎందుకు పనిచేశాయి? ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. సమాధానం తెలిసిన తరువాత నవ్వు వచ్చింది, విచారమూ కలిగింది. బ్యాటరీ మార్చేటప్పుడు పాత తీగలను లాగుతారు, టెర్మినళ్ళను రుద్దుతారు, బిగిస్తారు. ఆ కుదుపులో ఎర్తు పట్టీ బోల్టు కూడా ఇంచుక జరిగి, తుప్పు పొర చిట్లి, లోహం లోహానికి తగులుతుంది. సెల్ఫు మోటారు విప్పినప్పుడు మరింత కదలిక. లోపాన్ని తాత్కాలికంగా తొలగించినది చేతి కదలిక, కీర్తి దక్కినది కొత్త సామానుకు. కొన్నాళ్ళకు తేమ, అదురు కలిసి తుప్పును మళ్ళీ పేర్చాయి. అప్పుడు, "బ్యాటరీ కాదన్నమాట, మరింకేదో" అని తరువాతి సామాను మీద పడ్డారు. అప్పుడప్పుడు వచ్చే లోపం ఈ విధంగా తప్పుడు వైద్యానికి కూడా యోగ్యతాపత్రాలు ఇస్తుంది. దానిలోని అసలు ప్రమాదం ఇదే.

మన తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకములని రెండు మాటలున్నవి. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండటం అన్వయం. అది లేనిచోట ఇదీ లేకపోవటం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే ఒకటి రెండవదానికి కారణమని అనుమానించటానికి అధికారం వస్తుంది. బ్యాటరీ మార్చాము, బండి బాగున్నది అన్నంత మాత్రాన సరిపోదు. పాత బ్యాటరీని తిరిగి పెడితే మళ్ళీ మొరాయించిందా? ఎవరూ పెట్టి చూడరు. పైగా ఒకేసారి రెండు మూడు వస్తువులు మార్చేస్తారు. బాగుపడినా ఏది కారణమో తెలియదు, బాగుపడకపోయినా ఏది నిర్దోషో తెలియదు. డబ్బు పోవటం ఒక నష్టం, తెలుసుకునే అవకాశం పోవటం అంతకన్నా పెద్ద నష్టం.

దినం విడిచి దినం వచ్చే చలిజ్వరాన్ని మన హకీములు, వైద్యులు ఆ కాలక్రమం చేతనే గుర్తించేవారు. జ్వరం ఏ గంటకు వచ్చింది, ఏ గంటకు దిగిందని అడిగిన తరువాతనే నాడి పట్టేవారు. ఆ జ్వరపు రహస్యం మన సికిందరాబాదులోనే బయటపడింది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచాడు. ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని, రాస్ ఆయనకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. రోగం ఉన్న మనిషిని, రోగం ఉన్న వేళలో, కూలి ఇచ్చి మరీ పరిశీలించాడన్నమాట. ఆటో విషయంలో ఆ వృద్ధుడు రాత్రికి బండిని వదలమన్నది ఇందుకే.

కాబట్టి బండి యజమానులకు, వారి పిల్లలైన మన విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక చిన్న పుస్తకం సంగతి. బండి మొరాయించిన ప్రతిసారీ తేదీ, వేళ, వాతావరణం, అంతకు ముందు బండి ఎంతసేపు ఆగి ఉన్నది, ఏమి వినపడినది, తరువాత ఏమి చేస్తే లేచినది వ్రాసిపెట్టాలి. పది సార్లు వ్రాసేసరికి ఆ లోపానికి ఒక ముఖం ఏర్పడుతుంది. మీట నొక్కితే ఇంజను బలంగా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ జోలికి పోవటం వృథా, పెట్రోలో స్పార్కో అందటం లేదు. మెల్లగా, మూలుగుతూ తిరిగితే బ్యాటరీని, కీళ్ళను చూడాలి. మంచి స్థితిలోని పన్నెండు వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుండి 14.4 వరకు. సెల్ఫు తిరిగేటప్పుడు 9.6 కన్నా బాగా కిందికి జారితే దానిని అనుమానించవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే స్విచ్చిలు. ఇప్పటి మోటారుసైకిళ్ళలో సైడు స్టాండు స్విచ్చి, క్లచ్చి స్విచ్చి అనేవి ఉన్నవి. వాటిలో మట్టి చేరితే బండి స్టాండు మీదనే ఉన్నదని భ్రమిస్తుంది. హ్యాండిలును ఎడమకు తిప్పితే స్టార్టు అయి, కుడికి తిప్పితే కాని బండిని మేము చూచాము. మెడ దగ్గర వైరు తొడుగు లోపల తెగి, తిప్పినప్పుడల్లా కలుస్తూ విడిపోతూ ఉండేది. పైకి తొడుగు చెక్కుచెదరలేదు.

పెట్రోలు టాంకు మూతలోని సన్నని గాలిరంధ్రం పూడుకుపోతే మరొక తమాషా జరుగుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల గాలి రాక పీడనం తగ్గి, పెట్రోలు దిగటం ఆగుతుంది. కొన్ని మైళ్ళు పోయి బండి ఆగుతుంది, ఎంతకూ లేవదు. పెట్రోలు అయిపోయిందేమోనని యజమాని మూత తీసి తొంగిచూస్తాడు. ఆ తీయటంతోనే గాలి లోపలికి పోతుంది, బండి లేస్తుంది. మూత తీసిన పుణ్యానికి లేచిందని ఎవరికి తోస్తుంది? బాగా వేడెక్కి ఆగిన బండి పావుగంట తరువాత లేవక, గంట చల్లబడ్డాక లేస్తే, అది వేడికి సొమ్మసిల్లే భాగమేదో ఉన్నదని గుర్తు. పాత బండ్లలో ఇగ్నిషన్ కాయిలు, కొత్తవాటిలో ఇంజను తిరుగుడును కనిపెట్టే సెన్సారు ఈ విధంగా ప్రవర్తిస్తాయి. చల్లారిన తరువాత పరీక్షిస్తే రెండూ నిర్దోషులే.

కొత్త బండ్లకు కంప్యూటరు తగిలించి లోపాన్ని చదువుతారు గదా, ఇంకా ఈ పాత పద్ధతులెందుకని కొందరంటారు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో బి.ఎస్. ఆరు ప్రమాణాలు అమలులోకి వచ్చి, కొత్త బండ్లలో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగైన మాట నిజమే. స్కానరు ఉపకరించే మాటా నిజమే. అయితే అది సెన్సారులు చెప్పిన సంగతులనే చదువుతుంది. బోల్టు కింద తుప్పుకు సెన్సారు లేదు. వోల్టేజి ఒక్క క్షణం పడిపోతే కంప్యూటరు సంబంధం లేని భాగం పేరు చెప్పటమూ కద్దు. ఆ పేరు పట్టుకొని వేలు పోసి ఆ భాగాన్ని మారుస్తారు. అదీగాక, వెనుకటి స్కూటర్లకు కిక్కు ఉండేది. వెనుక ఇంజను ఉన్న పాత ఆటోలకు చేత్తో పైకి లాగే మీట ఉండేది. సెల్ఫు మొరాయించినా ఆనాటి కూలి పోయేది కాదు. ఇప్పుడు అనేక బండ్లకు ఆ రెండవ దారి తీసివేశారు. లోపం చిన్నదైనా రోజు మొత్తం పోతుంది.

ఇక మిస్త్రీల సంగతి. చదువుకున్నవారు కూర్చున్నచోట వారి మీద పడే నిందలు మాకు తెలుసు: మోసం చేస్తారు, బాగున్న సామాను తీసివేస్తారు, తోచింది మారుస్తారు. అట్టివారు ఉండవచ్చు, ఏ వృత్తిలో లేరు? కాని మేము అడిగినప్పుడు ఆ వృద్ధుడు చెప్పిన మాట వినదగినది. "సామాను మార్చితే బిల్లు చూపిస్తాను సార్, పైసలిస్తారు. రెండు గంటలు కూర్చొని తప్పు పట్టుకొని బోల్టు బిగిస్తే, బోల్టు బిగించినందుకు ఇంతా అంటారు. తప్పు పట్టుకున్నందుకు బిల్లు ఎట్లా రాసేది?" ఆ ఆటో యజమాని అంతకు ముందు బ్యాటరీకి, బ్రష్షులకు, రిలేకు బేరం లేకుండా ఇచ్చిన మనిషే. ఈయనకు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆయన చుట్టూ చేరినవారు, "ఏం మార్చాడని" అని అడిగారట. వైద్యుడు మాత్ర వ్రాయకుండా, "నీకేమీ లేదు, పోయి నిద్రపో" అన్నా ఫీజు ఇచ్చి నమస్కారం పెట్టి వస్తాము. వకీలు ఒక్క కాగితం తిరగవేసి సలహా చెప్పినా ఇస్తాము. చేతులకు నూనె అంటిన మనిషి ఆలోచనకు మాత్రం వెల లేదంటాము. ఆలోచించినవాడు ఆ పూట నష్టపోతే, మరునాడు అతడు కూడా సామానే మారుస్తాడు. ఆ నేరంలో సగం మనది.

ఈ సంచిక రెండు భాషలలో వెలువడుతుంది గనుక ఒక్క మాట ప్రస్తావించటం అప్రస్తుతం కాదనుకుంటాము. తెలుగువాడు బండి ఖరాబయిందంటాడు, మరమ్మతు చేయించాలంటాడు, ఉస్తాదును పిలవమంటాడు. ఇవి ఉర్దూ వాకిలి గుండా మన ఇంట్లోకి వచ్చి స్థిరపడిన మాటలు. నిఘంటువులు పుట్టించిన పారిభాషిక పదాలు పుస్తకాలలో ఉండగా, ఇవి అంగళ్ళలో బతికినవి, ఎందుకంటే వాటి వెనుక పనిచేసే చేతులున్నవి. ఆ చేతుల నీడన పానాలు అందిస్తూ పెరిగిన శాగిర్దులు కొందరు ఇప్పుడు మన తరగతులలో ఉన్నారు. సెలవులలో తండ్రి అంగడిలో పనిచేస్తానని చెప్పుకోవటానికి వారు సిగ్గుపడటం మేము చూచాము. అదే విద్యార్థి ప్రయోగశాలలో మీటరు పట్టుకొన్నప్పుడు, అది ఇంట్లో ఉన్న వస్తువేనని పక్కవానితో అనడు. భౌతికశాస్త్రాన్ని ఒక చోట, అంగడిని మరొక చోట ఉంచి, మధ్య గోడ కట్టినది మేమూ మీరూ కలిసిన విద్యావ్యవస్థే.

కనుక కమిటీ పెద్దల ముందు మా విన్నపం ఇది. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ శిక్షణ రెండేళ్ళు ఉంటుంది, దానికి పోటీగా మనం ఏమీ పెట్టనవసరం లేదు. పాత ఇనుము ధరకు దొరికే ఒక ఆటో ఇంజను, దానికొక సెల్ఫు మోటారు, ఒక బ్యాటరీ, రెండు మల్టీమీటర్లు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూలకు చాలు. కావాలని ఒక కీలు వదులు చేసి, విద్యార్థిని పట్టుకోమనవచ్చు. ఏమి చూచాడో, ఏ క్రమంలో అనుమానించాడో, దేనిని ఎందుకు వదిలిపెట్టాడో తెలుగులోనో ఉర్దూలోనో ఒక పుట వ్రాయమనవచ్చు, ఆ పుటలు దిద్దే బాధ్యత మా తెలుగు శాఖ తీసుకుంటుంది. వారానికి రెండు గంటలు ఆ వృద్ధుడినో, అటువంటి మరొక ఉస్తాదునో పిలిపించాలి. ఆయనకు ఇచ్చే పైకాన్ని కళాశాల పద్దు పుస్తకంలో మరమ్మతుల ఖర్చు కింద కాక, బోధన ఖర్చు కింద వ్రాయించమని కోరుతున్నాము.